ఉమ్మడి పేరు తెగదెట్ల?

అన్నదమ్ముల ఉమ్మడి ఇంటిని ఒక్కరి పేరు మీదికి మార్చాలంటే ఏం చేయాలో నిజామాబాద్‌లో ఏ దస్తావేజు లేఖరిని అడిగినా చెప్తాడు. రెండోవాడు సబ్‌రిజిస్ట్రార్ ముందు వేలిముద్ర వేసి హక్కు వదులుకోవాలి. ఆపైన మున్సిపాలిటీలో పన్ను బాకీ కట్టి పేరు మార్చుకోవాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో 2002లో కుదిరిన ఉమ్మడికి మాత్రం ఈ తెలివి పనికిరాలేదు. నిజాం షుగర్స్‌లో ప్రైవేటు వాటా 51 శాతం, సర్కారుది 49. మిల్లును సర్కారు పేరు మీదికే తెస్తామని 2014 ఎన్నికల్లో మాటిచ్చారు; 2015 డిసెంబరులో గేటుకు లేఆఫ్ నోటీసు అంటించారు. పేరు మారలేదు గానీ చెరకు లారీలు కామారెడ్డి దారికి మారాయి.

పెద్ద వాటాదారు ఒప్పుకోవద్దా, బ్యాంకు అప్పులు తేలొద్దా అంటారు. నిజమే, వద్దన్నదెవరు? కానీ ఆ 51 శాతాన్ని కట్టబెట్టిన సంతకం సర్కారుదే కదా! ఇచ్చేటప్పుడు అడ్డురాని చట్టం తీసుకునేటప్పుడే అడ్డొచ్చిందంటే చెరకు రైతు నమ్మడు. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన పునరుద్ధరణ కమిటీ వేశారు. కమిటీ పెద్దలారా, ఎవరి పేరైనా రాయండి. కార్మికుల జీతం బాకీలకు మాత్రం అదే కాగితంలో ఓ లైను వదలండి.