ఇంట్లనే ఉంటవు గద, లీవెందుకు?

కోరుట్లలో బీడీల కార్ఖానా ముందు సాయంత్రం పూట కాసేపు నిలబడితే తత్వశాస్త్రం ఉచితంగా వినొచ్చు. ఆడవాళ్లు గంపల్లో బీడీల కట్టలు పెట్టుకుని వరుసగా కూర్చుంటారు. లోపల ఒకాయన కట్ట విప్పి, నాలుగు బీడీలు వేళ్ల మధ్య నలిపి చూసి, నచ్చనివి పక్కకు పారేస్తుంటాడు. పారేసినవి చుట్టినామె లెక్కలోంచి పోతాయి గానీ కార్ఖానాలోంచి పోవు. ఆ ముచ్చట ఇంకోసారి. నేను చూసిన రోజున నిండు కడుపుతో ఉన్న ఒకమ్మాయి నేల మీద చెయ్యి ఆన్చి లేచి, "అన్నా, కాన్పుకు తల్లిగారింటికి పోతున్న. లీవు పైసలు ఏమన్న వస్తయా?" అని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. "ఇంట్లనే ఉంటవు గద చెల్లె, నీకు లీవెందుకు?" అన్నాడు.

ఆ మాటలో ఒక్క అబద్ధం కూడా లేదు, చూడండి. ఆమె ఇంట్లోనే ఉంటుంది. తునికాకు ఇంట్లోనే నానబెడుతుంది, ఇంట్లోనే కత్తిరిస్తుంది, ఇంట్లోనే ఒడిలో చాట పెట్టుకుని తంబాకు పోసి చుట్టి, దారం కడుతుంది. లీవు అంటే పనికి రాకపోవడం. రానే రాని మనిషి రాకపోవడానికి అనుమతి ఏమిటి? ఇంత పదునైన తర్కం మన కలెక్టర్ల మీద ఎవరూ ప్రయోగించలేదు గానీ, బంగళాలోనే క్యాంపు ఆఫీసు పెట్టుకునే వాళ్లు ఈ లెక్కన జన్మలో సెలవు అడగకూడదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ అమ్మాయికి ఇదే పనిని 'వర్క్ ఫ్రమ్ హోమ్' అంటారు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు పన్నెండు వారాల సెలవును ఇరవై ఆరు చేశారు. అది అయ్యాక కూడా, పని అలాంటిదైతే, ఇంటి నుంచి చేసుకునే వీలు మాట్లాడుకోవచ్చని రాశారు. అక్కడ ఇల్లు అనేది సెలవు తర్వాత వచ్చే సదుపాయం. కోరుట్లలో అదే ఇల్లు సెలవు ఇవ్వకపోవడానికి కారణం. ల్యాప్‌టాప్‌కూ చాటకూ అంత తేడా ఉందన్నమాట.

చట్టం ఈ అమ్మాయిని మరిచిపోయిందా అంటే, లేదు. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది. ఇంటి దగ్గర చుట్టే వాళ్లకూ ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాశారు. ఏడాదిలో ఎనభై రోజులు పని చేసి ఉంటే చాలు, మూడు నెలల కూలి సగటు కట్టి ఇవ్వాలి. అయితే రాసిన పెద్దమనుషులకు కూడా మన కార్ఖానా అన్న రక్తమే కొంచెం ఉన్నట్టుంది. ఇంటి కార్మికురాలికి వర్తింపజేస్తూనే రెండు సెక్షన్లు తీసేశారు. ఒకటి మెడికల్ బోనస్. రెండోది గర్భం వల్ల, కాన్పు వల్ల జబ్బు చేస్తే ఇచ్చే అదనపు సెలవు. ఇంట్లో ఉండే ఆడదానికి జబ్బు చేయదని ఢిల్లీలో ఏ వైద్యుడు చెప్పాడో! ఇంటిగాలి అంత మంచిది కాబోలు. తంబాకు దుమ్ముతో కలిసి ఇంకా మంచిదవుతుంది.

పిల్లకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. బీడీలు చుట్టే ఇంట్లో ఈ విరామాన్ని ఎవరు ఇవ్వాలి? ఒడిలో చాట ఉంటుంది. పిల్ల ఏడిస్తే చాట దిగాలి, పిల్ల ఎక్కాలి. పిల్ల పడుకుంటే పిల్ల దిగాలి, చాట ఎక్కాలి. ఉన్నది ఒక్కటే ఒడి. దానికి ఇద్దరు యజమానులు, ఒకరు కూలి కోసం ఏడిపిస్తారు, ఇంకొకరు పాల కోసం ఏడుస్తారు.

అసలు చిక్కు ఇంకోటుంది. చాలా ఇళ్లల్లో పాసుపుస్తకం ఒకటే, పీఎఫ్ నంబరు ఒకటే, చుట్టే చేతులు ఆరు. పుస్తకం అత్త పేరు మీద ఉంటుంది. చుట్టేది కోడలు, కనేది కోడలు, కాగితం మీద కార్మికురాలు మాత్రం అత్త. కోడలు వెళ్లి ప్రసూతి సెలవు అడిగితే "నువ్వెవరమ్మా?" అంటారు. అత్త వెళ్లి అడిగితే యాభై ఏడేళ్ల మనిషిని చూసి నవ్వుతారు. కంపెనీకి మాత్రం అందులో ఏ ఇబ్బందీ లేదు. కోడలు చుట్టిన బీడీని ఇది అత్త బీడీ కాదని ఏనాడూ వెనక్కి పంపలేదు.

కిట్టు సంగతి ఎత్తకపోతే కార్ఖానా అన్న నొచ్చుకుంటాడు. "గవర్నమెంటోళ్లు ఇస్తుండ్రు గద" అనేది ఆయన రెండో వాదన. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్టు మొదలైంది. సర్కారు దవాఖానాలో కాన్పయితే మగపిల్లవాడికి 12,000, ఆడపిల్లకు 13,000 రూపాయలు విడతలుగా ఇస్తామన్నారు. మంచి పనే. అయితే సర్కారు చేసిన మంచి పని కార్ఖానా సేటు ఖాతాలో ఎలా జమైందో నాకు అర్థం కాలేదు. ఈ భారం మేమెందుకు మోయాలనే ప్రశ్న కొత్తది కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద అంబేద్కర్ మాట్లాడారు. కొంత భారం ప్రభుత్వానిదే అయినా, ఆమె పనితో లాభపడే యజమాని కూడా మోయాల్సిందేనన్నారు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఆ మాట బొంబాయి నుంచి కోరుట్ల చేరడానికి దాదాపు వందేళ్లు కూడా సరిపోలేదు.

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోతే అక్కడ తత్వం కాదు, గణితం. దుకాణమైనా కరెంటుతో నడిచే కార్ఖానా అయినా పదిమంది ఉంటే ప్రసూతి చట్టం వర్తిస్తుంది. అందుకని సిరిసిల్లలో కొన్ని చోట్ల పది అనే అంకె పుట్టదు. మరమగ్గాల షెడ్డులో ఆసామి ఉంటాడు, కార్మికులు ఉంటారు, పడుగు చుట్టే వార్పిన్ వాళ్లు ఉంటారు, పోగులు అతికే వైపని వాళ్లు ఉంటారు. లెక్క మాత్రం తొమ్మిది దగ్గర ఆగుతుంది. కండెలు చుట్టే ఆడవాళ్లు అసలు లెక్కలోనే ఉండరు. వాళ్లు వాకిట్లో కూర్చుని చుడతారు, అంటే మళ్లీ ఇల్లే! నూలు షెడ్డులో ఉంటే పరిశ్రమ, గుమ్మం దాటి వాకిట్లోకి వస్తే కాలక్షేపం.

2017 నుంచి కొన్నేళ్లు ఈ ఊరి మగ్గాల మీద బతుకమ్మ చీరలు నేశారు. రాష్ట్రంలోని ఆడపడుచులకు కోటి దాకా చీరలు. కండెలు చుట్టిన ఆమెకూ వరుసలో నిలబడితే ఒకటి దొరికింది. ఆడపడుచు అంటే చీర పెట్టాల్సిన మనిషని సర్కారుకు తెలుసు. ఆమెను కార్మికురాలు అని పిలిస్తే ఇంకా ఏమేమి పెట్టాల్సి వస్తుందో కూడా తెలుసు గనుక, ఆడపడుచుగానే ఉంచేశారు.

కోర్టు చెప్పలేదా అంటే, చెప్పింది. రోజుకూలీ ఆడవాళ్లకు కూడా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో ఢిల్లీ మునిసిపాలిటీ మస్టరు కూలీల కేసులో చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టాలు పోయి కార్మిక కోడ్‌లు వచ్చాయి. ఇరవై ఆరు వారాలు అలాగే ఉన్నాయి, దుకాణాలకు పది అనే అంకె కూడా అలాగే ఉంది. తొమ్మిది దగ్గర ఆగే వాళ్ల చదువు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక జగిత్యాల. ఇక్కడ చదువుకున్నవాళ్లు ఎక్కువ, అందుకే అడిగే తీరు మర్యాదగా ఉంటుంది. మా చెల్లెలి బిడ్డ ఒక ప్రైవేటు బడిలో టీచరు పనికి పోతే మొదటి ప్రశ్న పెళ్లయిందా అని, రెండోది పిల్లలా అని, మూడోది "ఎప్పుడు ప్లానింగ్?" అని. లెక్కల టీచరు కదా, తేదీ కరెక్టుగా చెబుతుందనుకున్నారేమో. ఆ తర్వాత ఒక సలహా ఇచ్చారు: ఎండాకాలం సెలవుల్లో అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు మేడం. అంటే జూలైలో కడుపు నిలవాలి, ఏప్రిల్ పరీక్షలయ్యాక కనాలి, జూన్‌లో బడి తెరిచేసరికి పిల్లను అమ్మమ్మకు అప్పగించి చాక్‌పీసు పట్టాలి. ప్రకృతి ఈ టైమ్‌టేబుల్ పాటించకపోతే 'సొంత కారణాల వల్ల రాజీనామా' అని ఒక కాగితం రాయించుకుంటారు. సొంత కారణం అన్నది మాత్రం నిజం. బిడ్డ ఆమె సొంతమే.

మా ఊళ్లలో ఈనిన బర్రెను కొన్నాళ్లు కొట్టం దాటించరు. జున్ను పాల రోజులు పోయేదాకా ఎవరూ తోలరు, ఎవరూ తిట్టరు. బర్రెకు ఎవరు చట్టం చేశారని? పక్క రాష్ట్రంలో ఇంకో రకం ముచ్చట జరిగింది. ఎక్కువమందిని కనమని అడిగే కాలం వచ్చిందక్కడ. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవును ఇస్తానన్నారు. ఆవు వస్తే మేపేదెవరో చెప్పలేదు. ఇంట్లనే ఉంటది గద, ఆమెనే!

తండ్రుల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవు ఇమ్మనే చట్టమే లేదు. 2017లో రాజీవ్ సాతవ్ అనే ఎంపీ ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెడితే అది అట్లే పోయింది. విచిత్రమేమిటంటే మా జగిత్యాల మనిషి దుబాయిలో కంపెనీ పనిలో ఉంటే, అక్కడి చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు ఐదు పనిదినాల సెలవు జీతంతో సహా ఉంది. హక్కు అక్కడుంది, బిడ్డ ఇక్కడుంది. మధ్యలో విమానం టికెట్టు ధర ఉంది. అతను లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని ఫోన్‌లో తొట్టెల ఫంక్షన్ చూస్తాడు.

సర్కారు నౌకరీలో ఉన్న మాలాంటి వాళ్లకు మాత్రం పదిహేను రోజులు ఇస్తారు. నేనూ తీసుకున్నాను, రెండో బిడ్డ పుట్టినప్పుడు. మా ఆవిడ తల్లిగారింట్లో కోరుట్లలో, నేను జగిత్యాలలో. మొదటి రోజు పోయి బిడ్డను చూసి వచ్చాను. మిగతా రోజులు ఇంటికి సున్నం వేయించాను, కరెంటు వైరింగు మార్పించాను, ఒక ప్లాటు రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నాను. పితృత్వ సెలవు ఎంత అవసరమో అప్పుడే నాకు తెలిసింది. దాదాపు అన్ని రోజులూ ఇంట్లోనే ఉన్నాను గానీ, ఇంట్లనే ఉంటవు గద అని నన్నెవరూ అనలేదు.

ఆఖరి రోజున అత్తగారింటికి పోయాను. పక్కింటి గుమ్మంలో ఒకామె ఒడిలో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. వెనక చీర ఉయ్యాలలో ఆమె బిడ్డ. మా ఆవిడ కంటే నాలుగు రోజులు ముందు కాన్పయిందట. నన్ను చూసి, "ఇయ్యాల డ్యూటీ లేదా అన్నా?" అంది.

"లీవు పెట్టిన, పదిహేను రోజులు."

"అయ్యో, పానం బాగలేదా?"

ఏం చెప్పాలో తోచక, సున్నం పనితో నడుము పట్టిందన్నాను.

"జర పండుకో అన్నా," అంది, కత్తెర ఆపకుండానే.