పదిమందిలో పాము

నాయకత్వ శిక్షణ శిబిరాల్లో ఇప్పుడు నడుస్తున్న మంత్రం 'సహకార నాయకత్వం'. ప్రపంచం గిర్రున తిరిగిపోతోందట. ఒక మూల చీమ చిటుక్కుమన్నా ఇంకో మూల వినబడుతోందట. కనుక ఒక్కడే నాయకుడంటే ఇక చెల్లదట, అందరూ కలిసి నడపాలట. స్టార్ హోటల్ ఏసీ హాల్లో, తెర మీద రంగురంగుల వలయాలు చూపిస్తూ, అందర్నీ 'భాగస్వాములు' అని పిలుస్తూ చెబుతారు. ఈసారి ఆ శిబిరం సిప్పీఘాట్‌లో పెట్టమని నా విన్నపం.

దక్షిణ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్రంక్ రోడ్డు మీద దాదాపు 14 కి.మీ. పోతే వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ కాదు, క్షమించాలి, శ్రీవిజయపురం. 2024 సెప్టెంబరులో కేంద్ర హోంమంత్రి కొత్త పేరు ప్రకటించారు. అసెంబ్లీ తీర్మానం ఉందా అని అడగబోయే పెద్దలకు మనవి: అండమాన్ నికోబార్ ద్వీపాలకు అసెంబ్లీయే లేదు. 2011 లెక్కల ప్రకారం 3,80,581 మంది జనం. అందరికీ కలిపి లోక్‌సభలో ఒక్కటే సీటు. పైన రాష్ట్రపతి నియమించే లెఫ్టినెంట్ గవర్నరు. ఆ జనంలో 13 శాతం దాకా మన తెలుగువాళ్లే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి పోయి అక్కడే స్థిరపడినవాళ్లు చాలామంది. సహకరించడానికి మనుషులకు కొదవ లేదు. సహకరించమని చెప్పేవాళ్లే సముద్రానికి ఇవతల ఉంటారు.

ప్రపంచమంతా ముడిపడి ఉందని సిప్పీఘాట్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26 పొద్దున సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల కదిలితే దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది. ఉత్తరాన మాత్రం నేల పైకి లేచింది. సునామీ అల ఒక్కటే వచ్చి పోయుంటే ఏదో ఒక ఏటికి మళ్లు మళ్లీ చేతికొచ్చేవి. నేలే దిగిపోయాక పోటు నీళ్లకు రోజూ దారి దొరికింది. వరి పండిన చోట ఉప్పునీటి మడుగులు నిలిచాయి. ఇప్పుడక్కడికి మెడలో బైనాక్యులర్లతో పక్షుల్ని చూసేవాళ్లు వస్తున్నారు. మారుతున్న కాలానికి తగ్గట్టు మారడమంటే ఇదే కాబోలు. కొంగలు మారాయి, రైతుకే చేతకాలేదు.

ఆ రోజు ఢిల్లీలో సహకారం ఎలా వర్ధిల్లిందో కూడా చెప్పుకోవాలి. భూకంపం సంగతి తెలుపుతూ వాతావరణ శాఖ పంపిన ఫ్యాక్స్ అప్పటికి ఏడు నెలల కిందటే పదవి పోయిన మాజీ మంత్రి మురళీ మనోహర్ జోషి ఇంటికి చేరిందని పత్రికలు రాశాయి. కార్ నికోబార్ వైమానిక స్థావరం మునిగాక కూడా, అల మన తీరానికి రావడానికి గంటకు పైగా వ్యవధి ఉంది. తలా కొంత తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. తీరం ఖాళీ చేయించాల్సిన పని మాత్రం ఫలానావాడిదని ఎక్కడా రాసి లేదు. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. అదే పామును ఇప్పుడు వలయాల మధ్యలో పెట్టి ఫీజు వసూలు చేస్తున్నారు.

ఆ లోటు తీర్చింది ఏ శిబిరమో కాదు. 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టి, రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే బాధ్యత దాని మెడకు కట్టారు. హెచ్చరిక రాకపోతే ఎవర్ని నిలదీయాలో ఇప్పుడు జనానికి తెలుసు. నాయకత్వమంటే నాకు తెలిసింది ఇంతే, తక్కిందంతా కాఫీ విరామం.

పోనీ, మునిగిన పొలాల గోడు వినడానికి దూరం అడ్డమొచ్చిందందామా? చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కి.మీ. కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. అంతకుముందు ద్వీపాలకు ఉపగ్రహమే దిక్కు కనుక 'మీ మాట వినబడటం లేదు' అనడానికి ఒక సాకుండేది. కేబుల్ వచ్చాక ఆ సాకూ పోయింది.

అందుకే శిబిరాన్ని పోటు వేళ చూసుకుని, మడుగు గట్టున పెట్టండి. పరిచయాలూ చప్పట్లూ తరువాత. ఇక్కడి మునిగిన నేల విషయంలో ఆఖరి సంతకం ఎవరిదో ముందు చెప్పండి. ఆ భాగస్వామి పేరు, హోదా, ఫోను నంబరు రాసుకున్నాకే మైకు ఇస్తాం.