పండ్లకు పెండ్లి కళ

మా ఉప్పుగూడల ఒకప్పుడు మనిషిని పండ్లతోనే గుర్తు పట్టేటోళ్లు. స్టేషన్ కాడ ఎత్తుపండ్లాయన, ఛత్రినాకల సందుపండ్లామె, గౌలిపురల బంగారుపన్ను సేఠు. అసలు పేరు ఏందో పెండ్లిపత్రిక వస్తేనే తెలిసేది. సందుపండ్లు ఉన్నోళ్లకు అదృష్టమని పెద్దలు చెప్తుండె. ఆ అదృష్టం ఎవరికి తగిలిందో నేనైతే చూడలే గని, ఆ సందు పూడ్పించుకోవాలని మాత్రం ఎవరికీ పుట్టలే. ఇప్పుడు బోనాలప్పుడు లాల్‌దర్వాజ అమ్మవారి గుడి ముందట సెల్ఫీలు దిగే పోరగాండ్లను చూడుండ్రి. వీని పండ్లు వానికి పెట్టినా తేడా తెల్వదు. అందరివి ఒకటే పొడుగు, ఒకటే తెలుపు.

వెనీర్లు అంటరట వాటిని. మా మనుమడు చెప్తే తెలిసింది. మాఘమాసంల వాని పెండ్లి. పెండ్లికి ముందు బట్టలు కుట్టించుకునుడు, క్షవరం చేయించుకునుడు మాకూ ఎరికే. పండ్లు చేయించుకునుడు ఏందిరా అని అడిగితే, “స్మైల్ డిజైనింగ్ తాతా, ఆల్బంల మంచిగ పడాలె గద” అన్నడు. వాని పండ్లకు పుచ్చు లేదు, నొప్పి లేదు. ముందటి పన్ను ఒకటి జరంత పక్కకు తిరిగి ఉంటది, అంతే. ఆ వంకర మా నాయినది. ఆయన ఫొటో ఒక్కటి కూడ లేదు మా ఇంట్ల.

మా రోజుల్ల పండ్ల ముచ్చట యాపపుల్లతోని మొదలై యాపపుల్లతోనే అయిపోయేది. మీటరుగేజి రైలు పట్టాల పొంటి యాపచెట్లు ఉండె. పొద్దుగాల లేచి ఒక పుల్ల ఇరుచుకుని, కొస నమిలి కుంచె చేసి, ఊరంత తిరుక్కుంట తోముకునేటోళ్లం. తోముకునుడు అయ్యేలోపట సగం గల్లీ సంగతులు తెలిసిపోయేవి. పుల్ల దొరకని రోజు బొగ్గు, ఉప్పు. పైసలున్న ఇంట్ల కోతిబొమ్మ నల్లపొడి. పేస్టు మా ఇంటికి చానా ఆలస్యంగ వచ్చింది. వచ్చినా, చుట్టాలు వచ్చిన నాడే బయటికి తీసేది మా అమ్మ.

బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దితె ఎనామిల్ అరుగుతదని ఇప్పటి డాక్టర్లు అంటరు. నిజమే, కాదనను. మా వాడకట్టుల కొందరి పండ్లు అట్లనే అరిగి పచ్చగ తేలినయి. మరి ఇప్పుడు మిషన్ పెట్టి గిర్రున తిప్పి అరగదీస్తున్నది ఏంది? అదీ ఎనామిలే గద! మేము అరగదీసుకున్నది తెల్వక, పుణ్యానికి. వీళ్లు అన్నీ తెలిసి, పన్నుకు పన్నెండు వేలు ఇచ్చి. మా వానికి ఎనిమిది పండ్లకు లెక్క కట్టిండ్రట. లక్షకు నాలుగు వేలు తక్కువ.

పని ఎట్ల చేస్తరో కూడ అడిగి తెలుసుకున్న. ముందటి పండ్ల మీద ఎనామిల్‌ను అర మిల్లీమీటరు దాకా చెక్కుతరు, పన్నును బట్టి కొంచెం ఎక్కువ తక్కువ. కొలత తీసుకుని ల్యాబుకు పంపిస్తరు. అక్కడ పింగాణితోని పల్చటి పెంకులు తయారైతయి. అవి వచ్చేదాక ఉత్తుత్తి పండ్లు పెట్టి పంపిస్తరు. పెంకులు రాంగనే పంటి మీద యాసిడ్ రాసి, గరుకు చేసి, బంక పెట్టి, లైటు కొట్టి అతికిస్తరు. నా లెక్కల గోడకు టైల్సు వేసుడే. రంగు ఎంచుకోనీకె ఒక అట్ట ఉంటదట, చీరెల దుకాణంల చూపించినట్టు చూపిస్తరట. పంటికి ఉండే అసలు రంగు జర పసుపు పట్టే ఉంటది. ఆ రంగు వద్దని, దేవుడు ఎవ్వరికీ ఇయ్యని తెలుపు ఏరుకొచ్చిండు మావాడు. చెక్కిన ఎనామిల్ మళ్ల పెరగదు. పెంకులు పదేండ్లో పదిహేనేండ్లో ఉంటయి, తర్వాత మార్చాలె. మార్చకుండ ఉట్టిగ ఉందామంటే ఉండరాదు. అంటే ఇరవై ఏడేండ్ల పోరడు ఇప్పటినుంచి ముసలితనం దాక ఆ కుర్చీకి కిరాయి కట్టాలన్నట్టు.

ఈ ఇకమతు సినిమావోళ్లదే. 1920ల ఆఖర్ల అమెరికాల చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు హాలీవుడ్ నటుల కోసమని మొదలుపెట్టిండు. షిర్లీ టెంపుల్ అనే చిన్నపిల్ల నటిస్తుంటే పాలపండ్లు ఊడుతుండె, ఆ సందులు తెర మీద కనపడకుండ పెంకులు చేసిచ్చింది ఆయనే. గని ఆయనకు బుద్ధి ఉండె. అవి షూటింగ్ మందం అతికించుకునేటివి, కెమెరా ఆగంగనే తీసి పక్కన పెట్టేటివి. 1955ల మైకేల్ బ్యూనకోర్ అనే ఇంకొక దంతవైద్యుడు పంటిమీద యాసిడ్ రాస్తె బంక గట్టిగ పట్టుకుంటదని కనిపెట్టిండు. 1980లకు వచ్చేసరికి పింగాణి పెంకులు పంటిని వదలకుండ పట్టుకునుడు మొదలైంది. అప్పటిదాక నటులకే ఉన్న తిప్పలు అప్పటినుంచి అందరికీ వచ్చినయి.

ఇదంత నేను అరుగుమీద కూసొని చెప్తుంటే మా ఇంటామె ఊకోలే. “మీ కాలపోళ్లు ఏమన్న తక్కువ తిన్నరా? ఖాలాజాన్ మిస్సీ మరిచినవా?” అని అడ్డం తగిలింది. మా పక్కింటి ఖాలాజాన్ పండుగొచ్చినా పెండ్లొచ్చినా పండ్లకు మిస్సీ పెట్టుకునేది. మాచికాయ, అన్నభేది అసొంటివి నూరి చేసిన నల్లపొడి అది. పండ్ల సందులల్ల, చిగుళ్లకు నల్లటి గీతలు పట్టేటివి. నవాబుల జమానాల అదే అందం, అదే సింగారం. ఇక్కడనే కాదు, జపాన్‌ల పెండ్లయిన ఆడోళ్లు పండ్లన్నీ నల్లగ చేసుకునేటోళ్లట. అప్పుడు నలుపు, ఇప్పుడు తెలుపు, పిచ్చి ఒకటే అని మా ఆమె తీర్పు. నేను ఒప్పుకోను. ఖాలాజాన్ మిస్సీ పైపూతే, కింద పన్ను పన్ను లెక్కనే ఉండేది. వీనిది ఒట్టి పైపూతనా?

ఒక్క కాడ మాత్రం నేను నోరు మూసుకుంట. మా చెల్లెను నల్లగొండకు ఇచ్చినం. మర్రిగూడ దిక్కు వాళ్ల ఊరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పండ్లు ఎట్లుంటయో చూసినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. ముందుగాల సున్నం చుక్కలు, తర్వాత పచ్చటి చారలు, ఆఖరుకు గోధుమరంగు గుంటలు. ఎంత తోమినా పోవు. పంటి మీద పడ్డ మరక కాదు అది, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పట్టిన చీడ. ఎనిమిదేండ్ల లోపల తాగిన నీళ్లు జిందగీ అంత నోట్లనే ఉంటయి. మన దేశంల ఈ రోగం సంగతి 1937లనే నెల్లూరు జిల్లాల బయటపడ్డది. పటిక, సున్నం కలిపి నీళ్లు శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసి, దానికి నల్లగొండ పేరే పెట్టిండ్రు. పేరు ప్రపంచమంత తిరిగింది, మా చెల్లె కొడుకు మాత్రం పెండ్లి ఫొటోలల్ల పెదవులు బిగబట్టుకునే నిలబడ్డడు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేసరికి వాని పండ్లు ఎప్పుడో మొలిచి అయిపోయినయి. అసొంటోళ్లకు వెనీర్లు పెడితే నేను దండం పెడత. గని ఆ పిల్లగాండ్ల దగ్గర పన్నెండు వేలు ఎక్కడివి? మంచి పండ్లున్నోడు చెక్కించుకుంటున్నడు, చెడిన పండ్లున్నోడు మూతికి దస్తీ అడ్డం పెట్టుకుంటున్నడు. నా కడుపుమంట అంత ఇక్కడనే.

ఇంకొక భయం కూడ ఉన్నది, అది చెప్తే ఇంట్ల నా మీద లేస్తరు. 2024 ఫిబ్రవరిల జూబ్లీహిల్స్‌ల ఒక పండ్ల దవాఖాన్ల పెండ్లి కావాల్సిన 28 ఏండ్ల పిల్లగాడు నవ్వు దిద్దించుకోనీకె పోయి పానం పోగొట్టుకున్నడు. మత్తు ఎక్కువైందని తండ్రి కేసు పెట్టిండు, పేపర్లల్ల అంత వచ్చింది. వెనీర్లు పెట్టుకునే ప్రతోనికీ అట్ల అయితదని నేను అంటలేను. చిగురుకు చిన్న సూది ఇచ్చి చేసే పనే ఇది చానామందికి. గని ఏం మందు ఇస్తరు, ఎంత ఇస్తరు, ఒంటికి పడకపోతే పక్కన ఎవరుంటరు అని అడగకుండ పోయి కూసుంటరా? కూరగాయలు కొననీకె పోతేనే రెండు బండ్ల కాడ అడుగుతం. బ్యూటీపార్లర్లల్ల, ఆన్‌లైన్‌ల కూడ నవ్వులు అమ్ముతున్నరు ఇప్పుడు. 1948లనే దంతవైద్యుల చట్టం వచ్చింది, రిజిస్టరు అయినోడే పంటి మీద చెయ్యి వెయ్యాలని. ఆ కాగితం చూపించుమని అడిగితే నామోషీ అంట మావానికి.

ముందుగాల అఫ్జల్‌గంజ్‌ల సర్కారు డెంటల్ కాలేజీ దవాఖానకు పోయి గార తీయించుకో, పన్ను తిప్పనీకె తీగెలు పడ్తయేమో అడుగు అన్న. ఉస్మానియా దవాఖానను ఆనుకొని 1959 నుంచి ఉన్నది అది, పాతబస్తీల సగం నోళ్లు అక్కడ తెరిచినవే. గార పోతేనే సగం తెలుపు వస్తది, తీగెలు వేస్తె పన్ను చెక్కకుండనే సక్కగయితది. “తీగెలకు ఏడాది పడ్తది తాతా, ముహూర్తం ఆగుతదా?” అన్నడు. ముహూర్తం ఆగదు, నిజమే. నా మాట ఎవరు వింటరు, పని అయిపోయింది. మొన్ననే పెట్టించుకొని వచ్చిండు. బాగున్నయి, అని అందరూ అన్నరు. నేను కూడ ఫోన్ల ఫొటో చూసి, ఆ బాగుంది అన్న. ఎవడో బ్యాంకు ప్రకటనల పిల్లగాని లెక్క ఉన్నడు.

ఇప్పుడు డాక్టరు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అతికించింది మా కోడలు. బొక్కలు కొరకొద్దు, చెరుకు గడ కొరకొద్దు, మక్కకంకి గింజలు చేత్తోని ఒలుచుకొని తినాలె, ఐసు నమలొద్దు, సీసా మూతలు పండ్లతోని తీయొద్దు. గోల్డ్‌స్పాట్ మూతలు పండ్లతోనే లేపిన నోరు నాది. రాత్రి పండ్లు కొరికే అలవాటు ఉంటే రబ్బరు తొడుగు వేసుకొని పండాలంట. బోనాల మరునాడు మా ఇంట్ల నల్లిబొక్క కోసం కొట్లాట అయితది, ఈసారి వాని వాటా నాకే. ఆ లెక్కన నాకు లాభమే. గని పెండ్లి సారెల పిల్లదిక్కోళ్లు గంపలకొద్ది సకినాలు తెస్తరు గద, వాళ్ల ముందట ఒక్కటన్న కటుక్కున కొరకకపోతే బాగుండదు. మా ఇంటామె చేసిన సకినాలు ముందట పెట్టుకొని, చాయ్‌ల నానేసి, చెంచాతోని తీసుకుని తినుడు ఇప్పటి నుంచే నేర్చుకుంటున్నడు మావాడు.