ఊరకే పంచు వస్తువుల పద్యము: సటీకాతాత్పర్యము

అవతారిక

వ్యాఖ్యాతకు ముందుగా కవి దొరకాలి. కోలాచల మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారికి ఆముక్తమాల్యద దొరికింది. చమురు కంపెనీలకు వాల్వులూ గాస్కెట్లూ సరఫరా చేసే చిన్న సంస్థలో కొటేషన్లు టైపు చేసుకునే నాకు ఎవరూ దొరకలేదు. కాబట్టి పద్యమూ నేనే చెప్పుకున్నాను, టీకా నేనే రాసుకుంటున్నాను. గుణాలు వ్యాఖ్యాతవనీ దోషాలు కవివనీ పాఠకులు గ్రహించగలరు.

దేశం కువైట్, అహ్మదీ గవర్నరేటు, ఊరు అబూ హలీఫా. నగరం నుంచి దక్షిణంగా ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ రోడ్డు పట్టుకుని వస్తే ఫింతాస్, మహబూలా దాటాక, మంగఫ్ రాకముందు, ఎడమచేతి వైపు సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. కాలం, ఎండ తల దించుకున్నాక వచ్చే ప్రదర్శనల ఋతువు. సందర్భం, మిష్రఫ్‌లోని అంతర్జాతీయ ప్రదర్శనశాలలో మా సంస్థ ఒక స్టాలు తీసుకోవడం. మిష్రఫ్ అనగానే మనవాళ్లలో చాలామందికి వాల్వులు గుర్తురావు. 2020 డిసెంబరు చివర కువైట్‌లో కోవిడ్ టీకాలు మొదలైంది అక్కడే. అది వేరే టీకా.

స్టాలుకు వచ్చినవారి చేతిలో ఏం పెట్టాలి అని ఒక మీటింగు జరిగింది. మీటింగు ముగియలేదు గానీ పద్యం మాత్రం ముగిసింది. ఛందస్సు ఆటవెలది.

మూలము

పెన్ను నిచ్చువాఁడు పేరునే యిచ్చును
సంచి నిచ్చువాఁడు చాల నిచ్చు
కప్పు నిచ్చువాఁడు కాఫీని మఱచును
అబు హలీఫ వాస! యరయు మెల్ల.

ప్రతిపదార్థము

అబు హలీఫ వాస = అబూ హలీఫాలో వసించు ఓయీ (ఇచ్చట మనవారికి వాసమనగా అద్దెవాసమే); పెన్నున్ = సంస్థ పేరు అచ్చొత్తిన బాల్‌పెన్నును; ఇచ్చువాఁడు = ఊరకే పంచు స్టాలుదారు; పేరునే = తన పేరును మాత్రమే; ఇచ్చును = ఇచ్చుచున్నాడు; సంచిన్ = రెండు పిడులు గల సంచిని; ఇచ్చువాఁడు = పంచువాడు; చాలన్ = మిక్కిలిగా; ఇచ్చు = ఇచ్చును; కప్పున్ = పింగాణీ మగ్గును; ఇచ్చువాఁడు = పంచువాడు; కాఫీని = అందులో పోయవలసినదానిని; మఱచును = తలపోయడు; ఎల్లన్ = ఇదంతయు; అరయుము = విచారింపుము.

వ్యాకరణ విశేషము

ప్రథమ మీది పరుషాలకు గసడదవలు వస్తాయని చిన్నయసూరి సూత్రం. దాన్ని పట్టుకుని సాగితే మొదటి పాదంలో ‘పేరునే’ కాస్తా ‘వేరునే’ అవుతుంది. పెన్ను ఇచ్చేవాడు వేరు ఇస్తాడని అర్థం వస్తుంది, స్టాలు కాస్తా మూలికల కొట్టు అవుతుంది. మూడో పాదంలో కాఫీ ‘గాఫీ’ అవుతుంది, అది తాగేవాళ్లు లేరు. అయితే సూరిగారు సూత్రంలో ‘బహుళంబుగా’ అన్నారు. ఆ ఒక్క మాట చాటున కవి తప్పించుకున్నాడు. ఊరి పేరును రెండు చోట్ల కుదించడం ఛందస్సు అవసరం. మునిసిపాలిటీవారు ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

తాత్పర్యము

ప్రదర్శనలో పెన్నులు పంచేవాడు తన పేరును తప్ప మరేమీ పంచడు. సంచి పంచేవాడు ఎక్కువ పంచినట్టు. మగ్గు పంచేవాడు అందులో ఎవరు ఏం తాగుతారో ఆలోచించడు. అబూ హలీఫావాడా, అంతా చూసుకో.

‘పెన్ను’ శబ్ద విచారము

చైనాలో ఝెజియాంగ్ రాష్ట్రం, తుంగ్లూ జిల్లాలో ఫెన్‌షుయి అనే పట్టణం పెన్నులకు పేరుపడ్డది. ఊరకే వచ్చిన పెన్ను అన్నది సాధారణంగా ఆ దిక్కు నుంచే బయలుదేరుతుంది. దాని ఒంటి మీద అచ్చుకు దొరికే చోటు వేలెడు పొడవు, అర వేలు వెడల్పు. ఈ చోటులో సంస్థ పేరు, అరబిక్‌లో మళ్లీ పేరు, ఫోను, ఈమెయిలు, వెబ్‌సైటు, నాణ్యతా సర్టిఫికెట్టు నంబరు, ‘మీ నమ్మకమే మా బలం’ అన్న వాక్యం, అన్నీ పట్టాలని మా మీటింగులో ఒక పెద్దాయన పట్టుపట్టారు. పెన్నుల మీద అచ్చు సిలికాన్ మెత్త ముద్రతో పడుతుంది. అక్షరం సన్నబడేకొద్దీ సిరా అలుక్కుపోతుంది. చదవలేని ఏడు సంగతులకంటే చదవగలిగిన రెండు మేలని వ్యాఖ్యాత మతం: పేరు, ఫోను.

‘పేరునే’ అన్నచోట ఏకారం నిందార్థకమని కొందరు. నేనలా అనుకోను. పెన్ను ఒక చేతిలో ఉండే వస్తువు కాదు. టైపింగ్ సెంటరులో ఒకరు అడిగి తీసుకుంటారు, పాస్‌పోర్టు రెన్యువల్ కౌంటరు దగ్గర ఇంకొకరు ‘అన్నా, ఒకసారి పెన్ను’ అంటారు, అది తిరిగి రాదు. పేరు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. ఇది పెన్నుకు గుణమే. కాకపోతే రాయాలి. నాలుగు సార్లు గీకితే గానీ సిరా దిగని పెన్ను మీద పేరు వేయించుకోవడమంటే సొంత ఖర్చుతో అపకీర్తి పంచుకోవడం. ఆర్డరు ఇచ్చేముందు నమూనా పెన్నుతో ఒక పూర్తి పేజీ రాసి చూసినవాడు నాకింతవరకు కనబడలేదు. అందరూ రంగు చూస్తారు.

‘సంచి’ శబ్ద విచారము

పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది. 1880ల నాటి ముచ్చట ఒకటి ప్రచార కానుకల వ్యాపారంవారు చెప్పుకుంటారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొషాక్టన్‌లో జాస్పర్ మీక్ అనే పత్రికాధిపతి, అచ్చుయంత్రం ఖాళీగా ఉన్న వేళల్లో పని వెతుక్కుంటూ, ఒక చెప్పుల దుకాణం పేరును బడిపిల్లల పుస్తకాల సంచుల మీద అచ్చువేశాడట. దుకాణానికి బోర్డు ఒకటే. బడిపిల్లలు మాత్రం ఊరంతా. ఇదే శాస్త్రం మన దగ్గర చదవకుండానే వచ్చింది. చందన బ్రదర్స్, బొమ్మన బ్రదర్స్ సంచులు ఆర్టీసీ బస్సుల్లో ఎన్ని ఊర్లు తిరిగాయో వాటి యజమానులకు కూడా లెక్క తెలిసి ఉండదు.

‘చాల నిచ్చు’ అనడంలో చమత్కారం ఏమిటంటే, సంచి ఇచ్చినవాడు తన వస్తువు ఒక్కటే ఇవ్వడు, మిగతా స్టాళ్లవారి వస్తువులకు చోటు కూడా ఇస్తాడు. వారి కేటలాగులు, వారి పెన్నులు, వారి చాక్లెట్లు అన్నీ లోపలికి పోతాయి. బయటకు కనబడేది సంచి ఇచ్చినవాడి పేరు. పగవాడి సరుకును తన పేరు కింద మోయించడం ఇతర వ్యాపారాల్లో సాధ్యం కాదు. కనుక సంచి గుమ్మం దగ్గరి స్టాలువాడు ఇవ్వాలి. హాలు చివరి మూల స్టాలువాడు సంచి ఇస్తే అప్పటికే జనం చేతిలో ఇంకొకడి సంచి ఉంటుంది. వీడి సంచి మడత పడి ఆ సంచిలోకే పోతుంది. మా స్టాలు ఎక్కడ పడిందో చెప్పడం అప్రస్తుతం.

గుడ్డ విషయం. నాన్‌ఓవెన్ అని పిలిచే పాలీప్రొపిలీన్ సంచి చవక. ఆయిల్ కంపెనీల కేటలాగులు నాలుగు పడితే పిడి అతుకు దగ్గర విడిపోతుంది. కాటన్ సంచి ఖరీదు ఎక్కువ, ఏళ్ల తరబడి ఉంటుంది. రెంటిలో ఏది తగునన్నది సంచి ఎవరికోసం అన్నదాని మీద ఆధారపడుతుంది, ఇక్కడే నాకు మీటింగుతో తగాదా.

మీటింగు ఊహించుకున్న గ్రహీత ఒక్కడే: అహ్మదీలో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని కొనుగోలు ఆర్డరు మీద సంతకం చేసే పెద్దమనిషి. ఆయన మిష్రఫ్‌లో సంచి అందుకుంటాడు, నిజమే. కారు దాకా మోస్తాడు. కారులో కేటలాగు ఒకటి తీసుకుని మిగతాది వెనక సీటులో వదిలేస్తాడు. మర్నాడు కారు తుడుస్తూ డ్రైవరు అడుగుతాడు, లేదా ఆఫీసులో టీ ఇచ్చే అబ్బాయి అడుగుతాడు. “అన్నా, ఆ సంచి నాకిస్తావా, ఊరికి పంపియ్యల్ల.” ఊరంటే రాజంపేట కావచ్చు, రైల్వే కోడూరు కావచ్చు, గోదావరి జిల్లాల్లో ఏ పల్లెయినా కావచ్చు. సంచి కార్గో పెట్టెలో అడుగున మడతపడి, దాని మీద పాలపొడి డబ్బాలు, సబ్బులు, పిల్లల బట్టలు సర్దుకుని సముద్రం దాటుతుంది. అందుకున్నవాడు ఒకడు, వాడుకునేవాడు ఇంకొకడు. కానుకను ఎంచేటప్పుడు చూడాల్సింది రెండోవాడి చేతులనని ఈ వ్యాఖ్య సిద్ధాంతం. మొదటివాడి దగ్గర సంచులు ఎలాగూ బోలెడు.

‘కప్పు’ శబ్ద విచారము

‘కాఫీని మఱచును’ అన్న నింద అక్షరాలా సత్యం. ప్రదర్శనల మగ్గు గ్లాసు పైచిలుకు పట్టే పింగాణీ పాత్ర, పక్కన చెవి. ఇది ఎవరి పాత్ర? కువైటీ పెద్దమనిషి అతిథులు కూడే దీవానియాలో తాగేది ఫింజాన్‌లో. చెవి లేని చిట్టి గిన్నె, అందులోనూ అడుగున కొంచెమే పోస్తారు. దల్లా అనే కాఫీ కూజాను ఎడమ చేత పట్టుకుని, ఫింజాన్‌ను కుడిచేత అందిస్తారు. ఇక చాలనుకున్నవాడు ఫింజాన్‌ను కాస్త ఊపి చూపిస్తాడు. మగ్గును ఊపితే బల్ల మీద తొణుకుతుంది. టీ తాగాలంటే ఆయనకు ఇస్తికాన అనే చిన్న గాజు పాత్ర ఉంది. మన తమిళ సోదరుడికి దబరా టంబ్లరు ఉంది. సైటులో పనిచేసేవాడికి పేపరు కప్పు ఉంది, పింగాణీ అక్కడ పగులుతుంది. కాబట్టి మగ్గు చివరికి పెన్నులు పెట్టుకునే పాత్రగా బల్ల మీద స్థిరపడుతుంది. అంటే మొదటి పాదంలో ఇచ్చిన పెన్నులు మూడో పాదంలో ఇచ్చిన కప్పులో చేరతాయి. కవి ఈ అన్వయం ఉద్దేశించలేదు, నేను కనిపెట్టాను.

ఆక్షేప సమాధానములు

పెన్ను, సంచి, కప్పు చెప్పి పవర్ బ్యాంకు ఎందుకు చెప్పలేదని ఆక్షేపం. సమాధానం విమానాశ్రయంలో ఉంది. లిథియం బ్యాటరీ గల పవర్ బ్యాంకు చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటితే విమానసంస్థ అనుమతి కావాలి. పదివేల మిల్లీయాంపియర్ అవర్లది 3.7 వోల్టుల లెక్కన 37 వాట్ అవర్లే, భయం లేదు. కాని మనవాడు దాన్ని పెట్టెలో సబ్బుల మధ్య కుక్కుతాడు, స్కానరులో కనబడి పెట్టె విప్పిస్తారు, ఆ క్షణంలో దాని మీద ఉన్న పేరును అతడు తలచుకునే తీరు ప్రచారం కిందకు రాదు.

పెన్ డ్రైవు? ఉపయోగపడే కాలం గడిచిపోయింది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటరు పురుగు అలాంటి డ్రైవుల ద్వారా కూడా పాకిందని తెలిశాక, ఎవరో ఇచ్చిన డ్రైవును కంప్యూటరులో గుచ్చనిచ్చే ఐటీవాడు ఏ రిఫైనరీలోనూ ఉండకూడదు. తెరిచే వీలు లేని కానుక ఇచ్చి ఏం లాభం.

గొడుగు? కువైట్‌లో ఏడాదికి పడే వాన వంద మిల్లీమీటర్ల చిల్లర. పడితే మాత్రం 2018 నవంబరులో పడ్డట్టు పడుతుంది. ఫహాహీల్ వైపు రోడ్లు కాలువలయ్యాయి, ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశారు. అప్పుడు గొడుగు కాదు, పడవ పంచాలి.

మరి ఏది తగినది? కారు అద్దానికి అడ్డం పెట్టుకునే ఎండతెర. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది. ఎండ వేళ బయట పనిచేయించరాదని జూన్ నుంచి ఆగస్టు దాకా నిషేధం ఉంటుంది గానీ, పార్కింగులోని స్టీరింగుకు ఆ నిషేధం వర్తించదు. తెరను వేసేవాడూ తీసేవాడూ డ్రైవరే. నా సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. తెర మీద పేరు ఎంత పెద్దగా వేసినా పార్కింగులో చదివేవాళ్లుంటారు. ఆటవెలదిలో ఇరికించబోతే గణాలు కుదరక కవి వదిలేశాడు.

ధ్వని విచారము

ఆలంకారికులు వ్యంగ్యం ప్రధానమైన కావ్యాన్ని ఉత్తమమన్నారు, వ్యంగ్యం వాచ్యం చాటున ఒదిగినదాన్ని మధ్యమమన్నారు, ధ్వని లేక హంగులతో నెట్టుకొచ్చేదాన్ని అధమమన్నారు. టోపీ నుదుటి మీద జానెడు లోగో, దాని కింద ఫోను నంబరు: అధమం. వీధిలో దాన్ని పెట్టుకుని నడిచేవాడు ఆ సంస్థ జీతగాడిలా కనబడతాడు, అందుకే పెట్టుకోడు. స్టీలు సీసా అడుగు అంచున లేజరుతో సన్నగా చెక్కిన పేరు: ఉత్తమం. సీసా రోజూ ఆఫీసుకు వస్తుంది, నీళ్లు తాగినప్పుడల్లా పేరు కంటబడుతుంది, ఎవరూ అరవలేదు. తాళ్లపాక పక్కనే ఉన్న రాజంపేటవాళ్లకు లోహం మీద చెక్కితే నిలుస్తుందని వేరే చెప్పాలా, అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద ఉండబట్టే కదా మనదాకా వచ్చాయి.

రసికులు స్టాలులో రెండు అంతస్తులు పాటిస్తారు. బల్ల మీద పెన్నులు, వచ్చినవారందరికీ. బల్ల కింద సొరుగులో సీసాలు, కూర్చుని పది నిమిషాలు మాట్లాడినవారికి. సొరుగు తెరిచే తీరులోనే గౌరవం ధ్వనిస్తుంది. ఇంకా పై అంతస్తు జోలికి పోకపోవడం మంచిది. ప్రభుత్వ సంస్థల కొనుగోలుదారులకు విలువైన వస్తువు ఇస్తే దాని పేరు కానుక కాదు, చట్టంలో వేరే పేరుంది.

పాఠాంతరము

నాలుగో పాదంలో ‘అరయు మెల్ల’ను ‘మెల్లగా అరయు’మని విడదీసి చదివే శాఖ ఒకటుంది. అచ్చు పని తెలిసినవారు ఈ శాఖీయులు. అరబిక్ అక్షరాలను ఆ లిపి తెలియని సాఫ్ట్‌వేరులో అతికిస్తే అవి చేతులు వదిలేసుకుని విడివిడిగా, పైగా తిరగబడి నిలుచుంటాయి. అరబిక్ చదవలేనివాడికి ఏ తేడా కనబడదు. మన తెలుగు వత్తులు ఊడిపోయిన బ్యానర్లు చూసినవారికి ఈ దుఃఖం అర్థమవుతుంది. ప్రూఫును ఆ భాష చదివేవాడి చేత మెల్లగా చదివించాలని వారి వాదం. అంగీకారమే.

మా ఆర్డరులో చివరికి పెన్నులూ కాటన్ సంచులూ మిగిలాయి. ప్రూఫు చూస్తూ మా మేనేజరు ఫోను నంబరు ముందు 965 ఎందుకు, కువైట్‌లో ఎనిమిది అంకెలు చాలు కదా, తీసేయమన్నారు. పెన్నుల మీద తీసేశాను. సంచుల మీద ఉంచేశాను.