మాజీ తహసీల్దారు కంచర్ల గోపన్న గారికి బహిరంగ లేఖ

శ్రీయుత కంచర్ల గోపన్న గారికి,
మాజీ తహసీల్దారు, పాల్వంచ పరగణా,
ప్రస్తుతం శ్రీరామ సన్నిధి, భద్రాచలం.

విషయం: దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డు అడవిని చందాలతో కొని కాపాడు విషయమై తమరి సలహా కోరుట.

అయ్యా,

ఇప్పుడున్న అధికారులను వదిలి మూడున్నర శతాబ్దాల కిందటి తహసీల్దారుకు అర్జీ ఏమిటని తమరు అడగవచ్చు. ఇప్పటి అధికారులు ఫైలు చదివే లోపే బదిలీ అయిపోతారు. తమరికి ఇక బదిలీ లేదు. పైగా, ఈ చుట్టుపక్కల ఒక కొండ మీద రాముడి గుడి కోసం అంత డబ్బు పోగుచేసిన రెవెన్యూ అధికారి తమరి తర్వాత మరొకరు పుట్టలేదు. పోగుచేసిన పద్ధతి మీద గోల్కొండ ఆడిట్ వారికి అభ్యంతరాలు ఉండటం న్యాయమే. మంజూరు ఉత్తర్వులు రాకముందే ఖజానా సొమ్ము ఖర్చుపెట్టారు. పన్నెండేళ్లు జైల్లో ఉన్నారు. చివరికి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు కుర్రాళ్లు ఆరు లక్షల వరహాలు తెచ్చి గోల్కొండ సుల్తాను తానీషా ముందు పోసి రసీదు పుచ్చుకున్నారని మా పెద్దలు చెబుతారు. ఏ పతకానికి ఎంతయిందో పద్దులన్నీ పాటగా కట్టి దేవుడికే లెక్క అప్పజెప్పిన అధికారి తమరు. మా చందాల కమిటీకి ఇంతకంటే పనికొచ్చే సలహాదారు ఎక్కడ దొరుకుతాడు?

కమిటీకి ఇంకా పేరు లేదు. పేరులో సీతమ్మ ఉండాలా, గోదావరి ఉండాలా అన్న దగ్గరే మీటింగులు ఆగిపోతున్నాయి. కోశాధికారి మాత్రం మొదటి రోజే ఖాయమయ్యాడు.

మేం కొనాలనుకున్నది ఏమిటో మనవి చేస్తాం. భద్రాచలం నుంచి పైకి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పోతే పర్ణశాల. బొమ్మలమ్మే అంగళ్లు దాటితే సీతవాగు. అక్కడి బండల మీద ఎర్రటి, పసుపుపచ్చటి చారలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. వర్షాకాలంలో గోదావరి పోటెత్తితే ఆ బండలూ, వాటి పక్కన పెట్టిన విగ్రహాలూ నీళ్లలోకి వెళ్లిపోతాయి. వరద తీశాక ఒండ్రు కడుక్కుని మళ్లీ యాత్రికులకు దర్శనమిస్తాయి. అవతల ఇసుక తిన్నెలు, వాటి వెనక అడవి, ఆ వెనక నీలంగా గుట్టలు. సాయంత్రం పూట ఎవడు ఫోన్ తీసి నొక్కినా కేలెండర్ బొమ్మ వస్తుంది. ఈ కేలెండర్ బొమ్మను కొనేసి, ఎవరూ పాడుచేయకుండా చూడాలని మా కోరిక. హైదరాబాద్ మిత్రులు సరేనన్నారు. డాలస్ మిత్రులు ఎకరం ఎంత అని అడిగారు.

అక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఎవరి దగ్గర కొనాలి?

రిజర్వు ఫారెస్టు సర్కారుది, అమ్మకానికి రాదు. మిగిలిన నేల ఏజెన్సీ. తమరి కాలంలో లేని చట్టం ఒకటి ఇక్కడ ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో సవరణ చేసి దాన్ని గట్టిపరిచారు. జనం దాన్ని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, అందరూ గిరిజనులే ఉన్న సహకార సంఘానికో తప్ప మరొకరికి చేతులు మారడానికి వీల్లేదు. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి అసలు గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత వాడిదే. ‘మాది వ్యాపారం కాదండీ, పుణ్యకార్యం’ అంటే వినిపించుకునే క్లాజు అందులో లేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఈ చట్టం కింద ఒక ‘వ్యక్తే’ అని, ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. సర్కారుకే దొరకని వెసులుబాటు పేరు కూడా లేని కమిటీకి ఎక్కడ దొరుకుతుంది?

ఈ మాట వినగానే కమిటీలో సగం మందికి కోపం వచ్చింది. మంచి పనికి అడ్డొచ్చే చట్టం ఏం చట్టమన్నారు. ఈ లేఖ రాస్తున్న వాడికి మాత్రం ఆ చట్టం మీద గౌరవం పెరిగింది. అది లేకపోతే పర్ణశాల ఒడ్డున ఈపాటికి రివర్ వ్యూ ప్లాట్లు, వాటికి కాంపౌండు గోడలు, గోడల మీద ధనుర్బాణాల డిజైన్లు వెలిసేవి. మేం కాపాడదామనుకున్న బొమ్మను మేం పుట్టకముందు నుంచీ కాస్తున్నది ఆ చట్టమే. ఎన్ని చోట్ల దానికి కన్నం వేశారో ఏజెన్సీలో తిరిగినవాళ్లకు తెలుసు. అయినా అది లేని రోజును ఊహించుకోలేం.

రెండో చిక్కు రేటు. అడవికి ధర లేదని ఎవరైనా అంటే నమ్మకండి, ఉంది. అడవిని గనికో రోడ్డుకో ప్రాజెక్టుకో ఇచ్చేయాలంటే ‘నికర ప్రస్తుత విలువ’ కట్టాలి. 2008లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన లెక్కలో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా, అడవి చిక్కదనాన్ని బట్టి, రకాన్ని బట్టి. 2022లో కేంద్రం దాన్ని సుమారు 9.57 లక్షల నుంచి 15.95 లక్షలకు పెంచింది. నరకబోయేవాడి చేతికి ఇంత వివరంగా ధరల పట్టిక ఇస్తారు. నరకవద్దనేవాడు ఎంత కట్టాలో ఏ పట్టికలోనూ లేదు. ఇలా వసూలైన సొమ్ములోంచి 2019లో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల పైచిలుకు పంచింది. తెలంగాణ వాటా 3,110 కోట్లు. అడవి పేరు మీద మన దేశంలో ఇంత పెద్ద హుండీ మరొకటి కనబడదు. అందులో పడిన ప్రతి రూపాయీ ఎక్కడో ఒక అడవి పోతే వచ్చింది. ఖజానా లెక్కలు చూసిన తమరికి ఇందులో తిరకాసు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

సర్కారే అమ్మకందారైతే ఏమవుతుందో కూడా ఈ మధ్యే చూశాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను చదును చేయడానికి 2025లో బుల్డోజర్లు దిగితే విద్యార్థులు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. అక్కడ ఎవరూ చందా పుస్తకం అచ్చు వేయించలేదు. ఎవరైనా వేయించి ఉంటే ఆ ఎకరాల రేటు విని పుస్తకం మూసేసేవాళ్లు.

డాలస్ డాలర్ల సంగతి కూడా చెప్పాలి. విదేశీ పౌరసత్వం పుచ్చుకున్న మన పిల్లలు పంపేది ‘విదేశీ విరాళం’. దానికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉండాలి, 2021 నుంచి ఆ సొమ్ము ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో జమ పడాలి. అంటే పర్ణశాల ఇసుక మీదికి రావలసిన డాలరు ముందు పార్లమెంటు వీధిలో దిగి గుర్తింపు పత్రాలు చూపించాలి. రామోజీ, లక్ష్మోజీలను ఏ ఆధార్ కార్డూ అడగకుండా ఆరు లక్షల వరహాలు జమ చేసుకున్న తానీషా పరిపాలన ఎంత సులువైనదో ఇప్పుడు తెలుస్తోంది.

సీమదేశంలో చందాలతో అడవి కొనడం కుదిరింది. 1902లో ఇంగ్లండులో డెర్వెంట్ వాటర్ అనే సరస్సు ఒడ్డున బ్రాండెల్‌హౌ అనే 108 ఎకరాల అడవిని నేషనల్ ట్రస్ట్ వారు చందాలతో కొన్నారు. 6,500 పౌన్లు, ఐదు నెలల్లో పోగయ్యాయి. ముందుండి నడిపించినవాళ్లలో ఆక్టేవియా హిల్ అనే ఆవిడ ఒకరు. అదే దేశపు ఇంజినీర్లు అంతకు కొన్ని దశాబ్దాల ముందు మా దుమ్ముగూడెం వచ్చి, కాటన్ దొర ఊహించిన పడవల దారి కోసం రాళ్లగోదావరికి అడ్డంగా ఆనకట్ట, లాకులు కట్టి, 1871లో గిట్టుబాటు కాదని వదిలేసి పోయారు. వాళ్ల ఊరి అందానికి చందాలు, మా ఊరి అందానికి లాకులు! ఆ ఆనకట్ట ఇప్పటికీ ఉంది. దాని దిగువన అశ్వాపురం మండలంలో సీతమ్మ సాగర్ బ్యారేజీ తలపెట్టారు. పర్యావరణ అనుమతి లేదని 2023లో హరిత ట్రిబ్యునల్ ఆపమంది. ప్రాజెక్టు పేర్లలో మాత్రం సీతమ్మకు ఏ లోటూ చేయడం లేదు.

కొనడం కుదరకపోతే దత్తత తీసుకుందామని ఒకాయన అన్నాడు. దానికి ఒరవడి ఉంది. 2020లో సినిమా హీరో ప్రభాస్ గారు ఖాజీపల్లి అడవిని, 1,650 ఎకరాలు, రెండు కోట్లు ఇచ్చి దత్తత తీసుకున్నారు. 2022లో నాగార్జున గారు చెంగిచర్లలో 1,080 ఎకరాలు, అదీ రెండు కోట్లకే. రెండూ హైదరాబాద్ చుట్టుపక్కలవే. నగరానికి ఊపిరి కావాలి కాబట్టి కంచె, నడకబాట, పార్కు అక్కడ అవసరమే, కాదనం. మా ఏజెన్సీ అడవి వరకూ హీరోలు రావడమంటే షూటింగుకు మారేడుమిల్లి రావడమే. అయితే అసలు అభ్యంతరం అది కాదు. దత్తత అనేది తల్లీతండ్రీ లేని బిడ్డకో, వాళ్లు ఒప్పుకుని ఇచ్చిన బిడ్డకో. ఈ అడవికి తల్లులు బతికే ఉన్నారు, రోజూ తెల్లవారుజామున కనబడతారు కూడా.

ఇప్ప పూత రోజుల్లో వస్తే తమరే చూడవచ్చు. శ్రీరామనవమికి తమరి గుడి దగ్గర పందిళ్లు వేసే రోజుల్లోనే ఇక్కడ ఇప్పపువ్వు రాలుతుంది. పువ్వు రాలేది తెల్లవారేలోపు. కోయ ఆడవాళ్లు మసక చీకట్లోనే బుట్టలు తీసుకుని గుంపుగా వెళతారు, ఎలుగుబంటికి కూడా ఆ పువ్వంటే ప్రాణం కాబట్టి. ముందురోజే చెట్టు కింద ఆకులు ఊడ్చి పెట్టుకుంటారు. ఊడ్చే ఓపిక లేనివాళ్లు అంటిస్తారు, ఫారెస్టు వాళ్లతో మాట పడతారు. వంగి ఒక్కొక్క పువ్వే ఏరాలి. లేత పసుపు రంగులో కండగా, జిగటగా ఉంటుంది. అదే రోజు ఎండలో పరిస్తే ముడుచుకుని ఎర్రగోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత తునికాకు, ఆ తర్వాత మరొకటి. ఏ చెట్టు ఎవరి ఇంటిదో, ఏ కొమ్మ నరకకూడదో ఊరికి తెలుసు. మా కరపత్రం కోసం తీసిన ఫొటోలో అలాంటి ఒకావిడ బుట్టతో పడింది. దృశ్యానికి అడ్డంగా ఉందని మా డిజైనర్ కుర్రాడు ఆవిడను కత్తిరించేశాడు. ఆ కరపత్రం చూశాకే ఈ వ్యవహారం ఎటు పోతోందో మాలో కొందరికి తెలిసొచ్చింది.

కొన్నంత మాత్రాన కాపాడినట్టు కాదనడానికి తమరి యజమానే సాక్ష్యం. రామయ్య తండ్రికి పురుషోత్తపట్నంలో 889 ఎకరాల పైచిలుకు మాన్యం ఉంది. 2014లో ఊళ్లు పంచుకున్నప్పుడు స్వామి తెలంగాణలో ఉండిపోయాడు, భూమి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. ఆక్రమణల మీద గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. కోదండం చేతిలో ఉన్నవాడి పరిస్థితే ఇలా ఉంటే, చందా పుస్తకం చేతిలో ఉన్నవాడి మాట చెప్పాలా?

ఇంతకీ తమరు రాకముందు ఆ కొండను కాపాడిందెవరు? పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెం గిరిజన స్త్రీ, పుట్టలో దొరికిన విగ్రహాలకు తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిన మనిషి. ఆవిడ చందాలు వసూలు చేసినట్టు ఏ కథలోనూ లేదు.

దమ్మక్క వారసులకు అడవిని కాపాడుకునే హక్కు రాతపూర్వకంగా ఇచ్చే చట్టం 2006లో వచ్చింది. అటవీ హక్కుల చట్టం అంటే మనవాళ్లకు పోడు పట్టాలే గుర్తొస్తాయి. 2023లో తెలంగాణలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైన అవే ఇచ్చారు, మంచిదే. అదే చట్టంలో మరో హక్కు ఉంది, దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటూ వచ్చిన అడవి మీద సామూహిక అటవీ వనరుల హక్కు. ఆ పత్రం చేతికొస్తే అడవిని కాపాడటం, పెంచుకోవడం, వాడకానికి కట్టుబాట్లు పెట్టుకోవడం గ్రామసభ అధికారం. మన పొరుగున గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా అనే చిన్న గోండు ఊరు 2009లో ఇలాగే సుమారు 1,800 హెక్టార్ల మీద హక్కు తెచ్చుకుంది. 2011లో కేంద్ర మంత్రి జైరాం రమేష్ సమక్షంలో వెదురు రవాణా పర్మిట్ల పుస్తకం ఆ గ్రామసభ చేతికే వచ్చింది. ఆ ఊరు ఎవరినీ చందా అడగలేదు, ఎవరి దగ్గరా ఎకరం కొనలేదు.

కాబట్టి అయ్యా, తమరికి మా విన్నపం మారింది. చందా పుస్తకాల అచ్చు ఆపించాం. కోశాధికారి కొంచెం నొచ్చుకున్నాడు. రామోజీ, లక్ష్మోజీలు మళ్లీ ఎప్పుడైనా బయలుదేరితే వరహాల సంచులు వద్దని చెప్పండి. తమరి కుర్చీ వారసులైన రెవెన్యూ అధికారులకూ, అడవి అధికారులకూ ఒక మాట చెవిన వేయించండి చాలు. దుమ్ముగూడెం మండలంలో గ్రామసభలు తీర్మానం చేసి, హద్దులు గీసి, సామూహిక అటవీ వనరుల హక్కు అడిగితే ఆ కాగితాలు బీరువాలో పెట్టవద్దు. డివిజన్ కమిటీ చూడాలి, కలెక్టరు గారి అధ్యక్షతన జిల్లా కమిటీ తేల్చాలి. అడగడం తెలియని ఊళ్లకు అడగడం నేర్పాలి. డబ్బులిస్తామన్న మిత్రులకు మేమే రాస్తాం: సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి, వీలైతే ఊళ్లకు హద్దుల పటం గీసిపెట్టే కుర్రాళ్లను పంపండి.

ఆ దరఖాస్తును ‘ఫారం–సి’ అంటారు. దాన్ని ఉచితంగా అందుబాటులో ఉంచాలని నిబంధనల్లోనే రాసి ఉంది.

ఇట్లు,
తమ విధేయులు,
పేరు ఖాయం కాని కమిటీ తరఫున,
దుమ్ముగూడెం.