ఆవకాయకు అందనంత దూరం

విమానమెక్కి పరాయి దేశం వెళ్లి, అక్కడ ఏదో పల్లెలో డబ్బు కట్టి మరీ యోగా చేసి వచ్చేవాళ్లను చూసి నవ్వడానికి మనకు పెద్ద శ్రమ అక్కర్లేదు. 'ఇంట్లో చాప లేదా?' అంటే సరిపోతుంది. చాప ఉంది. దాని చుట్టూ ఇల్లు కూడా ఉంది, చిక్కంతా అక్కడే. హఠయోగప్రదీపిక తిరగేస్తే శాస్త్రానికి ఎదురు నడుస్తున్నది విదేశీ యోగా రిట్రీట్ కాదు, తెలుగిల్లే అని తేలుతుంది.

15వ శతాబ్దంలో ఆ గ్రంథం రాసిన స్వాత్మారాముడు సాధకుడు తినకూడనివి ఏకరువు పెట్టాడు. కారం, పులుపు, ఉప్పు, నూనె, నువ్వులు, ఆవాలు. ఆవకాయ పేరెత్తలేదన్న మాటే గానీ జాడీలో ఏదీ మిగల్చలేదు. అక్కడితో ఊరుకోక పెరుగు, మజ్జిగ, ఇంగువ, వెల్లుల్లి కూడా అపథ్యమన్నాడు. (పాలు, నెయ్యి వదిలిపెట్టాడు, అదొక్కటే ఊరట.) ఇక యోగాన్ని చెడగొట్టేవాటిలో అతిగా తినడం, అతిగా మాట్లాడటం, జనంతో కలిసి తిరగడం ఉన్నాయి. ఈ మూడింటినీ మనం ఆదివారం అంటాం. సాధకుడి కుటీరానికి చిన్న తలుపు ఉండాలట. మన తలుపు ఎంత చిన్నదైనా కొరియరబ్బాయి, గ్యాస్ బండ, 'ఇటుగా వెళ్తూ వచ్చాం వదినా' అనే చుట్టాలు, అందరూ అందులోంచే పడతారు.

ఇప్పుడు కెనడాలోని వాల్‌మొరాన్ చూడండి. మాంట్రియల్‌కు ఉత్తరాన, లారెన్షియన్ కొండల్లో ఉన్న చిన్న ఊరు. అక్కడ 1960ల మొదట్లో యోగా శిబిరం పెట్టింది రిషీకేశ్ శివానందుల శిష్యుడు, కేరళవాడైన విష్ణుదేవానంద స్వామి. 'యోగా వెకేషన్' అనే మాటను ఊరూరా పరిచయం చేసింది ఆయన సంస్థే. తెల్లవారకముందే గంట, ఆరింటికి సత్సంగం, పొద్దున పదింటికి గానీ అన్నం లేదు, మళ్లీ సాయంత్రమే. కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. 'తెల్లవాళ్ల దగ్గర మన యోగా నేర్చుకోవడమేమిటి?' అనేవారికి ఇందులోనే జవాబుంది. అక్కడ క్రమశిక్షణ పెట్టింది మనవాడే. మనం దాన్ని పాటించడానికి మాత్రం అంత దూరం వెళ్లాలి, ఎందుకంటే అమ్మ ఐదింటికి లేపితే అది నస, గంట లేపితే సాధన.

ఖర్చు సంగతేమిటంటారా? సాధకుడు ఉండాల్సింది మంచి పాలన, కరువులేని కాలం ఉన్న చోట అన్నాడు స్వాత్మారాముడు. అంటే భిక్ష దొరికే చోటు. రిట్రీట్‌లో భిక్ష బాగానే దొరుకుతుంది, కాకపోతే సాధకుడి నుంచి కుటీరానికి. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఘేరండ సంహిత అనే మరో యోగ గ్రంథానిది. యోగం దూరదేశంలో మొదలుపెట్టకూడదు, అక్కడ నమ్మకం కుదరదు అంటుంది. ఘేరండుడు మనల్ని చూడలేదు. మనకు నమ్మకం కుదరనిది దగ్గరదేశంలోనే. వీధి చివర ఉచితంగా చెప్పే మాస్టారి మాట మీద లేని గురి, డాలర్లు కట్టాక దానంతటదే వస్తుంది. పైగా అదే గ్రంథం జనం మధ్య కూడా వద్దంటుంది, వసంతంలోనో శరత్తులోనో మొదలుపెట్టమంటుంది. గ్రీష్మంలో, 2025 జూన్ 21న, విశాఖ సాగరతీరంలో 3 లక్షల మందికి పైగా ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు కొట్టిన మనం దూరదేశం మాట ఒక్కదానికే ఘేరండుణ్ణి సాక్షికి పిలవడం న్యాయం కాదు.

రిట్రీట్‌వాళ్లు నిజంగా దొరికిపోయేది ఇంకోచోట. స్వాత్మారాముడి కుటీరానికి కంతలుండకూడదు, అంటే కిటికీ లేదు. నేల, గోడలు ఆవుపేడతో అలకాలి, బయట బావి ఉండాలి. రిట్రీట్ ప్రకటనల్లో బావి స్థానంలో ఈతకొలను ఉన్నా సర్దుకోవచ్చు, నీళ్లు నీళ్లే. పేడ గురించి ఎవరూ అడగరు. కానీ కిటికీయే కదా వాళ్లు అమ్మేది! ఇటలీలో ద్రాక్షతోట కనిపించే గదికి ఒక ధర, వెనకవైపు గోడ కనిపించే గదికి ఇంకో ధర. శాస్త్రం తెలిసినవాడు వెళితే ఆ గోడవైపు గదే అడగాలి. చవక కూడా.