పాయింటు ఐదు కూడా కొలిచారు!

616.5 మిల్లీమీటర్లు. 2023 జులై 27తో ముగిసిన ఒక్క రోజులో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో పడ్డ వాన. చూశారా, ఆ పాయింటు ఐదునూ వదల్లేదు! అదే తెల్లవారుజామున అదే జిల్లా మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కారు. వాగు ఊళ్లోకొస్తోందని వాళ్లకు చెప్పిందెవరు? వాగే. తర్వాత హెలికాప్టర్లొచ్చాయి. అంతకుముందే ఒక డప్పు వచ్చి ఉంటే? డప్పు ఖరీదెంత, హెలికాప్టర్ ఖరీదెంత?

పరిశోధనలకేం కరువు? వాతావరణ మార్పును అంచనా వేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 1988లో పుట్టింది. ఆరు విడతల నివేదికలిచ్చింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుందన్నది పాత పాఠమే. మధ్యభారతంలో 1950-2015 మధ్య విస్తారమైన కుంభవృష్టులు మూడింతలయ్యాయని 2017లోనే శాస్త్రవేత్తలు రాశారు. పక్కింటి చూరంటుకుంటే మన చూరు తడుపుకోమా? గాయింత సోయి లేదా?

మొదట భూమి వేడెక్కుతోందా అని అడిగారు. తర్వాత ఎవరివల్ల అన్నారు. ఇప్పుడు ఫలానా వానలో మన పొగ వాటా ఎంతో లెక్కగడుతున్నారు. ప్రశ్నలు మారుతున్నాయి. ఏలినవారి జవాబు మాత్రం అదే: 'ప్రకృతి వైపరీత్యం!' ఆ ప్రకృతేనా ఇదే భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 1,100 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టింది? పొగకు గడువు 2070 అని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చెప్పొచ్చాం. ఇవాళ బడికెళ్లే పిల్ల అప్పటికి మనవల్ని ఎత్తుకుంటుంది. వాగుకెవరైనా ఆ వాయిదా కాగితం చూపించారా?

2023 వాన పరీక్షలో తప్పినవాళ్లకు 2024 సెప్టెంబర్ 1న సప్లిమెంటరీ పెట్టారు. మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు పొంగింది. కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. మళ్లీ తప్పారు. జనగామలో బోరెండితే కరువు సమీక్ష, ఇక్కడ వాగు పొంగితే వరద సమీక్ష. అవే కుర్చీలు, అవే సమోసాలు. నివేదికా? అల్మారాలో భద్రం. వరద అక్కడిదాకా రాదుగా!

అదే జనగామ జిల్లాలో ఏనెబావి ఉంది. 2006 నాటికే ఊరు ఊరంతా రసాయన సాగు మానేసింది. ఏ శిఖరాగ్ర సభ తీర్మానం కోసమూ ఆగలేదు. ఆ ఊరిని చూసి ఎన్ని ఊళ్లను మార్చారు సార్లూ?

ఒకప్పుడు మన చెరువులకు నీరటికాడుండేవాడు. అలుగు దాకా నీళ్లొస్తే అర్ధరాత్రయినా కేకేసేవాడు. డాక్టరేటు లేదు, దశాంశాలు రావు. ఆయన్ను పంపించేశాం. చెరువు శిఖంలో ప్లాట్లు కొట్టాం. పైన ఉపగ్రహం పెట్టి, కింద ఫోన్లో 'రెడ్ అలర్ట్' అని ఓ ముక్క పంపి చేతులు దులుపుకుంటున్నాం. కరెంటు పోయిన ఊళ్లో చార్జింగ్ లేని ఫోనుకు ఆ ఎరుపు కనిపిస్తుందా?

అయ్యా, వచ్చే వానకు ఆ పాయింటు ఐదు మీరే ఉంచుకోండి. మాకో డప్పు పంపండి.